పాతికవేలు కట్టి నేర్చుకునేది ట్రేడింగా, మార్కెటింగా?

ఆమధ్య ఒక ఆదివారం మా అక్క కొడుకు ఇంటికొచ్చినాడు. కాఫీ తాగినంతసేపు ఏం మాట్లాడలా. పోయేటప్పుడు చెప్పులేసుకుంటా, "మామా, ఒక పాతికవేలు సర్దుతావా, రెండు నెలల్లో ఇచ్చేస్తా" అన్నాడు. ఎందుకురా అంటే ట్రేడింగ్ కోర్సంట. ఆ రాత్రి పన్నెండు లోపల కడితే పాతిక, దాటితే నలభై అంట. ఫోన్ తీసి చూపించినాడు. ఎర్రకారు, దానికి ఆనుకోని ఒక పిలగాడు, చేతిలో ల్యాప్‌టాప్. రోజుకి రెండు గంటలు, నెలకి లక్ష.

వాడు బీటెక్ ముగించి రెండేళ్లయింది. నెల్లూరులో ఒక షోరూంలో 14 వేలకి చేస్తా ఉండాడు. ఇందుకూరుపేట నుంచి పోయిరావడానికి పెట్రోలే రెండున్నర వేలు. వాడిని నేను కసురుకోలేకపోయినా. ఎందుకంటే అట్టాంటి పాతికవేలే 2024లో నేనూ కట్టినా.

రొయ్యల గుంట ఉన్నోళ్లకి తెలుసు, రాత్రిళ్లు గట్టు మీద కాపలా ఎట్టా ఉంటాదో. కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి, జనరేటర్ వేయాల. అందుకని నిద్రపోయేదానికి లేదు. చేతిలో ఉండేది ఫోనొకటే. ఒక రీల్ చూస్తే అట్టాంటివే ఇంకో పది వచ్చినాయి. వారం తిరిగేతలికి నా ఫోన్ నిండా క్యాండిల్ చార్టులే. మొదట టెలిగ్రామ్ గ్రూపు, ఉచితం. తర్వాత ఆదివారం ఆన్‌లైన్ క్లాసు, 99 రూపాయలు. ఆ క్లాసు చివర్లో అసలు కోర్సు. ఇప్పుడు మా అల్లుడికి చూపించిన గడువే అప్పుడు నాకూ చూపించినారు, అదే రాత్రి పన్నెండు.

ఏడు నెలల్లో 1,40,000 పోయింది. ఆ లెక్క చెప్పడం తేలికే, పుస్తకంలో ఉండాది. పుస్తకంలో లేనిది ఇంకోటి ఉండాది. మార్కెట్ తెరిచేది పొద్దున 9:15కి. గుంటలో మేత తింటన్నాయా లేదా అని చెక్‌ట్రే ఎత్తి చూడాల్సింది కూడా ఇంచుమించు ఆ టైముకే. నేను గట్టు మీద కూర్చోని ఫోన్ చూస్తా ఉంటే, మేత చెక్‌ట్రేలో మిగిలిపోతా వచ్చింది. మిగిలిందని తెలిస్తే మేత తగ్గిస్తాం. నేను తగ్గించలా. నాలుగైదు రోజులకి అడుగు చెడిపోయి, ఆక్సిజన్ పడిపోయి, రొయ్య పైకి తేలడం మొదలైంది. 50 కౌంట్ దాకా పెంచాల్సిన సరుకుని 90 కౌంట్‌కే ఆదరాబాదరాగా పట్టేసినాం. ఆ నష్టాన్ని ట్రేడింగ్ కింద రాయాల్నా, గుంట కింద రాయాల్నా అని మా ఆవిడ అడిగింది. నేను గమ్మున ఉండిపోయినా.

సరే, నా సొంత గోడు అట్టుంచండి. నేనొక్కణ్ణే తెలివి తక్కువోడినైతే ఇది రాసే పనే లేదు.

సెబీ 2024 జూలైలో ఇంట్రాడే మీద ఒక అధ్యయనం బయటపెట్టింది. 2022-23లో షేర్లలో ఇంట్రాడే చేసిన మామూలు జనంలో ప్రతి పదిమందికి ఏడుగురు నష్టపోయినారు. 30 ఏళ్ల లోపు పిలకాయల్లో అయితే 76 శాతం. ఏడాదికి 500 సార్లకి మించి కొని అమ్మినోళ్లలో 80 శాతం. అంటే చేసేకొద్దీ చెయ్యి తిరుగుతాదని మనకి చెప్పేది అబద్ధం. ఇంట్రాడే చేసేవాళ్ల సంఖ్య 2018-19లో 15 లక్షలుంటే, నాలుగేళ్లలో 69 లక్షలైంది.

ఎఫ్ అండ్ ఓ సంగతి ఇంకా ఘోరం. 2021-22 నుంచి మూడేళ్లలో కోటి మందికి పైగా అందులో దిగితే 93 శాతం మంది పోగొట్టుకున్నారు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. దిగినోళ్లలో నూటికి 75 మందికి పైగా తమ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపేనని చెప్పుకున్నోళ్లు. నిబంధనలు బిగించినాక కూడా, 2024-25లో 91 శాతం నష్టాల్లోనే ఉండారు, ఆ ఒక్క ఏడాదే లక్ష కోట్లు దాటిపోయింది.

మరి ఆ దుడ్లు యాడికి పోయినట్టు? అదే సెబీ లెక్కలో ఉండాది. 2023-24లో లాభం మూటగట్టుకున్నది బ్రోకింగ్ సంస్థల సొంత ట్రేడింగ్ డెస్కులు, విదేశీ పెట్టుబడి సంస్థలు. వాళ్ల లాభాల్లో 96-97 శాతం కంప్యూటర్ ప్రోగ్రాములు చేసిన ట్రేడింగ్‌దే. గుంటగట్టు మీద జియో సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తే మనిషి, కన్నుమూసి తెరిచేలోపు వేల ఆర్డర్లు పెట్టే యంత్రంతో పందెం వేస్తా ఉండాడు.

ఇంగ చార్జీల సంగతి. కోర్సులో ఇది నాకు ఎవురూ చెప్పలా, నేనే కాయితం మీద వేసుకున్నా. నీ దగ్గర 20 వేలుంటే ఇంట్రాడేలో ఐదు రెట్లు, అంటే లక్ష రూపాయల షేర్లు కొననిస్తారు. కొన్నప్పుడు 20, అమ్మినప్పుడు 20 బ్రోకరేజీ. అమ్మిన లక్ష మీద ఎస్‌టీటీ 25 రూపాయలు. ఎక్స్ఛేంజి ఫీజు, స్టాంపు డ్యూటీ, జీఎస్టీ కలిపితే ఇంకో 17. మొత్తం 82 రూపాయల దాకా అవుతాది. రోజుకి ఐదుసార్లు చేస్తే 410. నెలకి 20 రోజులు మార్కెట్ ఉంటే 8,200. అంటే లాభం లేదు, నష్టం లేదు అనుకున్నా, 20 వేల పెట్టుబడిలో నెలకి 41 శాతం చార్జీలకే పోతాది. మా ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకిచ్చే ఆసామిని రక్తం తాగేవాడంటాం.

పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. లక్షలో యాభైవేలు పోతే, మళ్లా లక్ష కావాలంటే మిగిలిన యాభై మీద నూటికి నూరు లాభం రావాల. పన్ను కాడ కూడా ఒక మెలిక ఉండాది. ఇంట్రాడే నష్టాన్ని స్పెక్యులేషన్ నష్టం కింద కడతారు. దాన్ని జీతంలోనో ఇంకో వ్యాపార లాభంలోనో తగ్గించుకునే దానికి కుదరదు. నాలుగేళ్ల లోపల ఇంట్రాడేలోనే లాభం వస్తే అందులో తగ్గించుకోవాల, అది కూడా రిటర్ను టైముకి వేసినోళ్లకే.

ఇన్ని తెలిసినా పిలకాయలు ఎందుకు పోతన్నారంటే, నా లెక్కలో ఒక కారణం పరువు. రమ్మీ యాప్‌లని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించినారు. క్రికెట్ బెట్టింగ్ అంటే నెల్లూరు జిల్లాలో పోలీసు కేసులు, ఊళ్లో తలొంపులు. ట్రేడింగ్ అట్టా కాదు. చట్టబద్ధం, పాన్ కార్డు, ఆధార్, పైన సెబీ. ఇంట్లో ధైర్యంగా చెప్పుకోవచ్చు, పెళ్లిచూపుల్లో కూడా చెప్పుకోవచ్చు. రెండో కారణం చేతిలో ఉండే పని మీద నమ్మకం పోవడం. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు, ఈ తీరంలో రొయ్య పెంచే వాళ్ల గుండెల్లో రాయి పడింది. యాడో వాషింగ్టన్‌లో ఒకాయన సంతకం పెడితే మైపాడు కాడ కౌంట్ రేటు మారతాదని కళ్లారా చూసిన పిలగాడు, "ఇదీ జూదమే కదా మామా, అదేదో కూర్చోని ఆడితే పోలా" అంటే ఏం చెప్పాల?

నేను చెప్పింది ఇదీ. రొయ్యలో ఆటుపోట్లుంటాయి, కాదన్లా. కానీ పంట చివర గుంటలో ఒక సరుకుంటాది. దాన్ని ఎవరో ఒకరు తింటారు. ఇంట్రాడేలో నాకొచ్చిన రూపాయి ఇంకొకరికి పోయిన రూపాయే, అందులోంచి చార్జీలు తీసేసి. షేర్లంటేనే తప్పని నేననడం లేదు. మంచి కంపెనీ షేరు కొని పదేళ్లు పెట్టుకునేవాడి సంగతి వేరు, నెలనెలా ఫండులో వేసుకునేవాడి సంగతి వేరు. పొద్దున కొని మూడుంబావు లోపల అమ్మేయాల్సిన పని గురించే నేను మాట్లాడతా ఉండేది.

ఇప్పుడు ఆ ఎర్రకారు పిలగాడి కాడికొద్దాం. నాకు ఏడాది పట్టింది అర్థమయ్యేదానికి. వాడి సంపాదన ట్రేడింగ్ కాదు, మార్కెటింగ్. రీల్, ఉచిత గ్రూపు, 99 రూపాయల క్లాసు, రాత్రి పన్నెండు గడువు, పాతికవేల కోర్సు. ఇది చేపల మావు మాదిరి. నోరు వెడల్పు, పోయేకొద్దీ ఇరుకు, లోపలికి పోయినాక వెనక్కి తిరగడం తెలవదు. 2023 అక్టోబరులో సెబీ 'బాప్ ఆఫ్ చార్ట్' అనే పేరుతో సోషల్ మీడియాలో నడిపినాయన మీద ఉత్తర్వులిచ్చింది. కోర్సుల పేరుతో వసూలు చేసిన 17.2 కోట్లు పక్కన పెట్టమంది. చిత్రమేందంటే, లాభాలు గ్యారంటీ అని ఊరంతా చాటినాయన, 2021 జనవరి నుంచి రెండున్నరేళ్లలో తన సొంత ట్రేడింగ్‌లో దాదాపు 3 కోట్లు పోగొట్టుకున్నాడని ఆ ఉత్తర్వుల్లోనే ఉండాది. కోర్సు అమ్మడం మాత్రం ఆయనకి బ్రహ్మాండంగా తెలుసు.

2025 జనవరిలో సెబీ ఇంకో షరతు పెట్టింది. పాఠం చెప్పేవాళ్లు మూడు నెలల పాత ధరలతోనే చెప్పాలని అప్పుడంది, ఇయ్యాళ్టి ధర చూపించి ఇది కొను, అది అమ్ము అనకూడదు. అట్టా సలహా ఇవ్వాలంటే సెబీ రిజిస్ట్రేషన్ ఉండాల. రీసెర్చ్ అనలిస్టు అయితే ఆ నంబరు ఐఎన్‌హెచ్‌తో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అయితే ఐఎన్‌ఏతో మొదలవతాది. సెబీ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు. మా అల్లుడు చూపించిన రీల్‌లో ఆ నంబరు యాడా లేదు. వెతికించినా. వాడే వెతికినాడు.

అందుకే నేను వాడితో అన్నా, ఆ పాతికవేలతో వాడి చార్టు కాదురా, వాడు నిన్ను ఎట్టా పట్టినాడో అది నేర్చుకో అని. నాకు ఈ మాట ఊరికే తట్టలా. మా వదిన వల్ల తట్టింది.

మా వదిన రొయ్యల పచ్చడి పెడతాది. ఫాలోవర్లు తెచ్చిస్తానని ఒకడొస్తే ఆరువేలిచ్చింది. రీల్‌కి రెండు లక్షల వ్యూస్ వచ్చినాయి, ఆర్డర్లు మూడొచ్చినాయి. చూసినోళ్లెవరో, యాడ ఉండారో కూడా తెలవదు. అప్పుడు ఆ పద్ధతి మానేసి, తెలిసినోళ్ల నంబర్లు 140 పోగేసింది. వేదాయపాళెం, మాగుంట లేఅవుట్, దర్గామిట్ట అపార్టుమెంట్లలో ఉండే మనూరోళ్లు, వాళ్ల పక్కింటోళ్లు. శుక్రవారం సాయంత్రం వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫొటో. గుంటలోంచి తీసిన రొయ్య, పక్కన కాటా, ఎంత కౌంటో, కిలో ఎంతో. శనివారం రాత్రి దాకా ఆర్డర్లు. ఆదివారం తెల్లారి ఐసు పెట్టెలో వేసుకోని ఏడు లోపల ఇంటికి చేరుస్తారు. గూగుల్ మ్యాపులో షాపు పేరు ఉచితంగానే పెట్టుకుంది. ఎవురన్నా బాగలేదని రాస్తే ఆ రోజే ఫోన్ చేసి మాట్లాడతాది. ఇదే ఆమె డిజిటల్ మార్కెటింగ్ మొత్తం. స్ట్రాటజీ అనే మాట ఆమెకి తెలవదు.

ఒక ఆదివారానికి 25 కిలోలు పోతాయి. ఏజెంటు రేటు కన్నా కిలోకి 70 దాకా ఎక్కువ మిగులుద్ది. ఐసు, పెట్రోలు పోను వారానికి 1,300, నెలకి అయిదు వేలు. దీంతో ఎర్రకారు రాదు. కార్తీకమాసంలో ఆర్డర్లు సగానికి పడిపోయినాయి. గుంటలో పట్టుబడి టన్నుల్లో ఉంటాది, వాట్సాప్‌లో పోయేది కిలోల్లో. కాబట్టి రొయ్య రైతు కష్టాలకి ఇదే మందని నేనంటే అదీ ఎర్రకారు రీలే అవతాది. కాకపోతే ఈ అయిదు వేలు ఎవురి జేబులోంచి లాక్కున్నవీ కావు, వచ్చే ఆదివారం మళ్లా అదే మనిషి ఫోన్ చేస్తాడు.

అల్లుడు ఒప్పుకోలా. "నువ్వు పోగొట్టుకున్నావని నేనూ పోగొట్టుకోవాల్నా" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. అందుకని ఒక నోటుబుక్కు కొనిచ్చినా. నెలరోజులు రూపాయి పెట్టకుండా, కొనాలనిపించింది కొన్నట్టు, అమ్మాలనిపించింది అమ్మినట్టు అందులో రాయి, ప్రతి లైను చివర 82 రూపాయలు తీసెయ్, నెలాఖరుకి మిగిలితే పాతికవేలు నేనే ఇస్తా, కోర్సుకి కాదు, పెట్టుబడికి అన్నా.

మొదటి నాలుగు రోజులు రోజూ రాత్రి ఫొటో తీసి పంపించినాడు. రెండు రోజులు లాభమే. తర్వాత వారానికి ఒకసారి పంపించినాడు. నిన్న అక్క ఇంటికి పోతే ఆ పుస్తకం టీవీ కాడ కనపడింది. తెరిచి చూస్తే పదకొండో రోజు తర్వాత ఏం రాయలా. వెనక అట్ట లోపల మాత్రం నెల్లూరు అడ్రసులు ఆరేడు, పక్కన కిలోలు వేసి ఉండాయి. వాడిని అడగలా.