తప్పు నాన్న చెవిది కాదు!

‘కాస్త సౌండ్ పెంచరా...’

మూణ్నెల్ల పాటు మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి ఠంచనుగా వినిపించిన మాట ఇది. అనేది మా నాన్న. వయసు 74. వార్తలు పెట్టినా అంతే, పాత సినిమా పెట్టినా అంతే. ‘మాట వినపడుతోంది గానీ, ఏమంటున్నారో తెలియట్లేదు’ అనేవారు. మేం రిమోట్ నొక్కేవాళ్లం. పిల్లలు గది తలుపు వేసుకునేవాళ్లు. ఓ రోజు పక్కింటాయన మెట్ల మీద ఎదురై ‘నిన్న రాత్రి మీరు చూసిన సినిమా బాగుందండీ’ అన్నారు. ఆయన మా ఇంటికి రానేలేదు!

నాన్నకు చెవులు మందగించాయని అందరం తీర్మానించేశాం. పాపం, ఆయనా నమ్మేశారు. హాల్లోకి రావడం తగ్గించి, వరండాలో కూర్చుని చదివిన పేపరే మళ్లీ చదివేవారు. చివరికి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పరీక్షలన్నీ అయ్యాక ‘వయసుకు తగ్గ తేడా కొద్దిగా ఉంది. మిషన్ పెట్టేంత కాదు’ అన్నారు డాక్టరు. ‘ఎదురుగా కూర్చుని మాట్లాడితే అర్థమవుతోందా?’ అని నాన్నను అడిగారు. ‘శుభ్రంగా’ అన్నారు నాన్న. ‘అయితే ముందు మీ టీవీకి పరీక్ష చేయించండి’ అంటూ నవ్వారు డాక్టరు.

తమాషాకు అన్న మాటే. కానీ నిజం అదే అయింది.

మాటలన్నీ మధ్యలోనే

మా హాల్లో ఉన్నది 5.1 హోమ్ థియేటర్. ముందు ఎడమా కుడీ చెరొకటి, వెనక రెండు, టీవీ కింద అడ్డంగా ఒకటి... ఇవి అయిదు. ఆ ‘.1’ అన్నది మూలనుండి గుండెలదరగొట్టే సబ్‌వూఫర్. వీటిలో టీవీ కింద ఉండే సెంటర్ స్పీకరే ఇంటి పెద్దలాంటిది. సినిమాలో డైలాగులు చాలావరకు దాన్నుంచే వస్తాయి. పాటలూ ఫైటింగులూ మిగతావాటివి.

మధ్యలో ఒకటి ఎందుకంటారా? రెండే స్పీకర్లుంటే సరిగ్గా నడుమ కూర్చున్నవాళ్లకే మాట తెర మీది మనిషి నోట్లోంచి వచ్చినట్టుంటుంది. పక్కన కూర్చుంటే దగ్గరి స్పీకర్‌లోంచే వస్తున్నట్టనిపిస్తుంది. ఈ సంగతి ఇంజినీర్లకు ఏనాడో తెలుసు. 1933లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను లైన్ల మీదుగా వాషింగ్టన్‌లోని హాల్లో వినిపించినప్పుడు ఎడమ, మధ్య, కుడి అని మూడు దారులు వాడారు. 1940లో వచ్చిన డిస్నీ వారి ‘ఫాంటేషియా’ కోసం చేసిన ఏర్పాటులోనూ తెర వెనక మూడు వరసలే.

మా సెంటర్ స్పీకర్ డబ్బాలో రెండు వూఫర్లు, వాటి మధ్య చిన్న ట్వీటర్ ఉన్నాయి. ఆ ట్వీటరే కాలిపోయింది. ట్వీటర్ పోతే శబ్దం ఆగిపోదు. అక్కడే వచ్చింది చిక్కు! అచ్చుల గుమగుమ వూఫర్లలోంచి వస్తూనే ఉంటుంది. స, శ, ష, చ లాంటి అక్షరాల పదును మాత్రం పోతుంది. ‘సంచి’ అన్నారో ‘కంచి’ అన్నారో తెలియదు. వయసుతో చెవి మందగించినప్పుడూ ముందుగా తగ్గేది ఈ పై స్థాయి శబ్దాలే. అంటే స్పీకర్ జబ్బుకూ, చెవి జబ్బుకూ లక్షణం ఒక్కటే. మేం స్పీకర్ జబ్బును నాన్నకు అంటగట్టాం.

మరి మాకెందుకు తెలియలేదు? పిల్లలు చూసేవాటికి కింద సబ్‌టైటిల్స్ ఉంటాయి. మేం చూసే కొత్త సినిమాల్లో అన్నివైపుల నుంచీ హోరు. నాన్న చూసేది ‘గుండమ్మ కథ’. 1962 నాటి ఆ సినిమాకు ఉన్నది ఒకటే సౌండ్ ట్రాక్. అలాంటిదాన్ని సరౌండ్ పద్ధతిలో పెడితే ఆంప్లిఫయర్ దాదాపు మొత్తాన్నీ మధ్య స్పీకర్‌కే పంపేస్తుంది. ఆ లోపం ముందుగా పట్టుకున్నది ఇంట్లో నాన్న ఒక్కరే!

ఎందుకు కాలింది?

లెక్కేసుకుంటే మా వాడి పుట్టినరోజు గుర్తొచ్చింది. స్నేహితులొచ్చి ఏదో యాక్షన్ సినిమా ఇల్లెగిరిపోయేలా పెట్టారు. శబ్దం రెట్టింపయినట్టు చెవికి తోచాలంటే ఆంప్లిఫయర్ దాదాపు పది రెట్ల పవర్ ఇవ్వాలి. అంత శక్తి లేకపోతే అది శబ్ద తరంగాల తలలు తెగ్గోసి పంపుతుంది. అప్పుడు పుట్టే కరకర శబ్దం ట్వీటర్ మీద పడి, వెంట్రుకంత సన్నగా ఉండే కాయిల్‌ను కాల్చేస్తుంది. ఆ తర్వాత మేం చేసిన వైద్యమేంటో తెలుసుగా... సౌండ్ పెంచడం! దాంతో ఓ వూఫర్ కూడా కాలింది.

ఇంట్లోనే ఇలా పరీక్షించండి

డాక్టరు మాటతో ఆ ఆదివారం పనిలోకి దిగాను. మీరూ చేయొచ్చు. వైర్లు ముట్టుకునే ముందు మాత్రం ఆంప్లిఫయర్ ప్లగ్ పీకేయండి.

ముందుగా పేపరును గొట్టంలా చుట్టండి. (ఇవాళ్టిది చదవడం అయ్యాకే సుమా!) వార్తలు తక్కువ సౌండ్‌లో పెట్టి, గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండోది స్పీకర్‌లోని ఒక్కో గుండ్రం ముందు ఉంచి వినండి. ఏది మూగపోయిందో తెలిసిపోతుంది.

తర్వాత ఎడమ స్పీకర్‌ను తెచ్చి సెంటర్ వైర్లకు తగిలించండి. మాట స్పష్టంగా వస్తే మీ సెంటర్ స్పీకర్‌దే లోపం. అప్పుడూ రాకపోతే వైరునో ఆంప్లిఫయర్‌నో చూపించాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొత్త స్పీకర్ కొనకండి.

మల్టీమీటర్ ఉంటే, వైరు విప్పి ట్వీటర్‌కూ వూఫర్‌కూ విడివిడిగా పెట్టి చూడండి. 8 ఓమ్స్ అని రాసి ఉన్నది ఇంచుమించు 6 చూపిస్తే కాయిల్ తెగలేదన్నమాట. మీటర్ అసలు కదలకపోతే తెగినట్టే.

స్పీకర్ తెచ్చేలోగా మరో ఉపాయం. ఆంప్లిఫయర్ మెనూలో ‘సెంటర్’ దగ్గర ‘నన్’ లేదా ‘నో’ అని పెట్టండి. మధ్యలోకి వెళ్లే మాటలు ఎడమ, కుడి స్పీకర్లకు పంచుకుపోతాయి. ఆ రాత్రే నాన్నను పిలిచి వార్తలు పెట్టాను. రెండు నిమిషాలు విని ‘ఈవిడ బాగా చదువుతోందిరా, కొత్తమ్మాయా?’ అన్నారు. రోజూ చదివే ఆవిడే! నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

గొంతులు కలవాలి

డబ్బా పట్టుకుని హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. రిపేరు చేసే ఆయన విప్పి చూసి ‘ట్వీటర్ ఎప్పుడో పోయింది సార్. మీరు సౌండ్ పెంచి పెంచి వూఫర్ గూడ కాల్చిన్రు’ అని మందలించాడు. వేరే రకం వేయమంటే ‘ఏస్త. మాట వస్తది గని గొంతు మారుతది’ అన్నాడు.

అర్థం కాలేదు. మిత్రుడి దగ్గర మరో కంపెనీ స్పీకర్ అరువు తెచ్చి పెట్టి చూశాక తెలిసింది. తెర మీద మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడుతుంటే, మధ్యలోకి రాగానే ఆయనకు జలుబు చేసినట్టుంది! అందుకే సెంటర్ స్పీకర్ ఎప్పుడూ ఎడమ, కుడి వాటి కంపెనీదే, వీలైతే ఆ సిరీస్‌దే కొనాలి. వాట్ల అంకె చూసి మురిసిపోవద్దు. ఆంప్లిఫయర్ వెనక రాసి ఉన్న ఓమ్స్ కంటే తక్కువది తగిలించొద్దు.

మా మోడల్ ఇప్పుడు రావడం లేదు. ఆంప్లిఫయర్ పాడైన ఒక సెట్ నుంచి అలాంటిదే సెంటర్ స్పీకర్ అదే గల్లీలో 1,800 రూపాయలకు దొరికింది. మీటర్ పెట్టించి, పాట వినిపించుకుని మరీ తెచ్చుకున్నాను.

బిగించేటప్పుడు ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. తిరగబడితే మాట పలచబడి, ఎక్కణ్నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. స్పీకర్‌ను అర లోపలికి నెట్టకుండా అంచుదాకా తెచ్చి, ముఖం కూర్చునేవాళ్ల చెవులవైపు కాస్త ఎత్తి పెట్టాలి. సెట్టింగుల్లో సైజు ‘స్మాల్’ అని, కటాఫ్ 80 హెర్ట్జ్ అని పెడితే దడదడలన్నీ సబ్‌వూఫర్ చూసుకుంటుంది. పెద్దవాళ్లుంటే మొత్తం సౌండ్ పెంచకండి. సెంటర్ లెవెల్ ఒక్కటే రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. మాట పెరుగుతుంది, గోల పెరగదు.

ఆ రాత్రి ‘గుండమ్మ కథ’ పెట్టాం. నాన్న తన పాత కుర్చీలో కూర్చున్నారు. అలవాటు కొద్దీ మా ఆవిడ రిమోట్ అందుకుని ‘మామయ్యా, పెంచనా?’ అంది.

‘వద్దమ్మా, కొంచెం తగ్గించు. చెవులు పోతున్నాయి’ అన్నారు నాన్న.