నిమగ్న రంగస్థల పరిశోధన: ప్రేక్షకుడు లేని సిద్ధాంతవ్యాసం

నాటకాన్ని ముద్రిత పాఠంగా చదవడం తెలుగు శాఖలకు అలవాటైన పద్ధతి. ఇతివృత్తం, పాత్రచిత్రణ, సంభాషణలు, రసపోషణ అనే అధ్యాయ విభజన ఆ పద్ధతి నుంచే వచ్చింది. అచ్చుప్రతి ఉన్న నాటకానికి అది చాలావరకు సరిపోతుంది. ఇమ్మర్సివ్ థియేటర్‌ను, అంటే ప్రేక్షకుణ్ణి ప్రదర్శనస్థలంలోకే దింపే నిమగ్న రంగస్థలాన్ని, పరిశోధనాంశంగా స్వీకరించిన విద్యార్థికి మాత్రం అది దారి చూపదు. ప్రేక్షకుడు ఏ హోదాలో ప్రవేశించాడు, ఏం చేశాడు, ఏం చూడలేకపోయాడు అన్నదే ఇక్కడ ప్రాథమిక ఆకరం. దానిని సేకరించని సిద్ధాంతవ్యాసం ఎన్ని నిర్వచనాలను ఉటంకించినా రంగస్థల పరిశోధన అనిపించుకోదు.

ఈ ప్రక్రియకు తరచుగా చూపే ఉదాహరణ పంచ్‌డ్రంక్ సంస్థ రూపొందించిన ‘స్లీప్ నో మోర్’. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ ఆధారంగా 2003లో లండన్‌లో మొదలైన ఈ ప్రదర్శన, న్యూయార్క్‌లో 2011లో ఆరంభమై 2025 జనవరిలో ముగిసింది. ప్రేక్షకులు తెల్లని ముసుగులు ధరించి, మౌనంగా, పలు అంతస్తుల భవనంలో తమకు తోచిన గదికి వెళ్లేవారు. నచ్చిన పాత్ర వెంట నడిచేవారు. ఒక గదిలో ఉన్నవారికి మరో గదిలోని దృశ్యం కనిపించదు. కాబట్టి ఒకే రాత్రి లోపలికి వెళ్లిన ఇద్దరు చూసిన ప్రదర్శన ఒకటి కాదు. వీడియో ముక్కలను, పత్రికా సమీక్షలను ఆధారం చేసుకొని ఇటువంటి ప్రదర్శనలోని ‘ప్రేక్షకానుభవం’పై అధ్యాయం రాయడమంటే ఇతరుల నడకను తన నడకగా చెప్పుకోవడమే.

దూరదేశంలో జరిగి ముగిసిపోయిన ప్రదర్శనను తెలుగు విద్యార్థి ఎలా చూడగలడన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయితే అది పరిశోధనాంశాన్ని సవరించుకోవడానికి కారణమవుతుందే గాని, చూసినట్లు రాయడానికి అనుమతి కాజాలదు. చూడని ప్రదర్శనపై జరిగిన చర్చను పరిశీలించవచ్చు. ఉదాహరణకు ఆడమ్ ఆల్‌స్టన్ ఇటువంటి ప్రదర్శనలు చొరవ, తెగువ గల ప్రేక్షకుడికి ఎక్కువ ఫలం దక్కేలా చేస్తాయని, ఈ విలువలు నయా ఉదారవాదపు విలువలతో కలుస్తాయని 2016లో వెలువడిన తన గ్రంథంలో విమర్శించాడు. ఈ వాదాన్ని పరీక్షించడం ఒక సిద్ధాంతవ్యాసానికి తగిన పనే. అప్పుడు శీర్షిక కూడా అది విమర్శపై పరిశీలన అని స్పష్టంగా చెప్పాలి.

రెండో దగ్గరిదారి మరింత ఆకర్షణీయమైనది. ‘ఇది మనకు ఎప్పటినుంచో ఉన్నదే’ అనడమే ఆ దారి. చిత్తూరు ప్రాంతంలోని ద్రౌపదీ, ధర్మరాజుల ఆలయాలలో జరిగే భారత ఉత్సవాలు ఇందుకు సులువుగా దొరికే ఉదాహరణ. అక్కడ పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగుతాయి. అర్జున తపస్సు నాడు పాత్రధారి ఎత్తైన తపసుమాను ఎక్కుతాడు. సంతానం కోరే స్త్రీలు మొక్కుతో ఆ మాను చుట్టూ సాగిలపడతారు. దుర్యోధన వధ నాడు మట్టితో మలచిన భారీ విగ్రహం వద్ద భీమ దుర్యోధనుల పోరు జరుగుతుంది. జనం వారి వెంట కదులుతారు. చివరకు భక్తులు అగ్నిగుండం తొక్కుతారు. వేదికకూ ప్రేక్షకుడికీ మధ్య గీత చెరిగిపోవడం రెండుచోట్లా ఉన్నమాట నిజం. అంతమాత్రాన రెండూ ఒకటే అనడం ఒప్పదు.

న్యూయార్క్ ప్రేక్షకుడికి ముసుగు అజ్ఞాతత్వాన్ని ఇస్తుంది. మాను కింద సాగిలపడిన స్త్రీని ఊరంతా ఎరుగును. ఆమె కోరికనూ ఎరుగును. టికెట్ కొన్నవాడికి ప్రవేశించే హక్కు లభిస్తుంది, బయటికి రాగానే ఆ సంబంధం తీరిపోతుంది. మొక్కుకున్నవారికి ప్రదర్శన ముగిశాక కూడా చెల్లించవలసిన బాధ్యత మిగులుతుంది. ఆ బాధ్యతను విడిచిపెట్టి, సాగిలపాటును ‘భాగస్వామ్యం’ అన్న గడిలో నమోదు చేసే పరిశోధకుడు తన పరిభాషను నిలుపుకోవడానికి ఆమె విశ్వాసాన్ని వాడుకుంటున్నాడు. ఆమె అనుమతి లేకుండా తీసిన ఛాయాచిత్రం అనుబంధంలో చేరితే అది మరింత పెద్ద అపచారం. ప్రాచీనతను చాటుకోవాలన్న ఉత్సాహం దీనికి సమర్థన కాలేదు.

కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుడు నిష్క్రియుడనే ఊహ కూడా ఈ వ్యాసాలలోకి తరచుగా పరిశీలన లేకుండానే ప్రవేశిస్తుంది. చూడడమే ఒక క్రియ అని జాక్ రాన్సియేర్ 2008లో వాదించాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే నాట్యశాస్త్రం సిద్ధిని వివరించే 27వ అధ్యాయంలో ప్రేక్షకుల చిరునవ్వును, సాధువాదాన్ని, పులకింతను, లేచి నిలబడడాన్ని ప్రదర్శన సఫలతకు గుర్తులుగా లెక్కించింది. తెలుగు పరిశోధన ఆ అధ్యాయాన్ని గర్వకారణంగా ఉదాహరించి ఊరుకోకుండా, ప్రేక్షకుణ్ణి గమనించే పద్ధతిగా మలచుకోవడం అవసరం.

కాబట్టి పర్యవేక్షకులు ఈ అంశంపై వచ్చే ప్రతి సిద్ధాంతవ్యాసం నుంచి కొన్నింటిని తప్పనిసరిగా కోరాలి. పరిశోధకుడు చూసిన ప్రదర్శనల తేదీ, స్థలం, తాను నడిచిన మార్గం, నిలిచిన చోటు. తనకు కనిపించనిదేమిటన్న స్పష్టమైన ప్రకటన. అదే ప్రదర్శనలో వేరే చోట ఉన్న ప్రేక్షకుల కథనాలు, వారి సమ్మతి. లోపలికి రానివారు, రానివ్వనివారు ఎవరన్న విచారణ. ఈ వివరాలు లేని గ్రంథం ఎంత లావుగా ఉన్నా దానికి ఆకరం లేదు. కాళ్లరిగేలా తిరిగి రెండే రెండు రాత్రుల ప్రదర్శనను నిజాయితీగా నమోదు చేసిన చిన్న వ్యాసం అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.