మొదటి వారంలోనే ఫ్రీజ్ చేయండి

పరాన్నజీవుల ల్యాబుల్లోని స్కాలర్లకు, గైడ్లకు, విశ్వవిద్యాలయ పాలకులకు విన్నపం.

మలేరియా రోగి రక్తాన్ని తెచ్చి ఫ్లాస్కులో పెంచుతున్నాం. 1976లో ట్రేగర్, జెన్సెన్ దారి చూపినప్పటి నుంచి ఫాల్సిపారం క్రిమిని ఇలా ఏళ్ల తరబడి బతికించడం కుదురుతోంది. బతుకుతుంది సరే, మారిపోతుంది. దోమతో పనిలేని చోట గామిటోసైట్లు తయారుచేయడం మానేస్తుంది. రెండో క్రోమోజోము కొస ఊడిపోయి, ఎర్రకణం మీద బుడిపెలే లేకుండా పోయిన కల్చర్లు ఉన్నాయి. కాలా అజార్ తెచ్చే లీష్మేనియా కూడా అంతే, పాసేజులు పెరిగేకొద్దీ రోగం కలిగించే శక్తి తగ్గుతుంది. రెండేళ్లు నడిపిన కల్చర్ మీద మందు పరీక్షించి, పాడేరు ఏజెన్సీలో రోగికి అది పనిచేస్తుందని ఏ మొహంతో చెబుతాం?

అందుకే, శాంపిల్ ల్యాబుకు చేరిన మొదటి వారంలోనే నాలుగు వయళ్లు ద్రవ నత్రజనిలోకి వెళ్లాలి. రెండు ఇక్కడ, రెండు వేరే ఊళ్లో. వయళ్లు దాచినట్టు రసీదు లేనిదే థీసిస్ తీసుకోవద్దు.

పని పెద్దదేం కాదు, ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. రింగ్ దశ ఎక్కువగా ఉన్న రోజు చూసుకోవాలి. ముదిరిన దశలు ఈ చలికి చాలామటుకు చచ్చిపోతాయి. గ్లిజరాల్ ద్రావణాన్ని చుక్కచుక్కగా కలపాలి. మళ్లీ బయటికి తీసినప్పుడు వయల్‌ని 37 డిగ్రీల నీటిలో గబగబా కరిగించినా, కడగడంలో మాత్రం తొందర పనికిరాదు: ముందు 12 శాతం ఉప్పునీరు, తర్వాత 1.6 శాతం, ఆపైనే మీడియం. గ్లిజరాల్ నిండిన కణం నేరుగా మీడియంలో పడితే నీరు పీల్చుకుని పగిలిపోతుంది.

అసలు చిక్కంతా ట్యాంకుతోనే. మైనస్ 196 డిగ్రీల నత్రజని నిత్యం ఆవిరవుతూనే ఉంటుంది. కర్ర ముంచి, పైకి తీశాక మంచు ఎంతమేర పట్టిందో చూసి మట్టం రాసుకోవాలి. సంక్రాంతికి అందరూ ఊళ్లకు పోతే కర్ర ముంచేదెవరు? ప్రాజెక్టు ముగిశాక నత్రజనికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది? మైనస్ 80 ఫ్రీజర్ ఉందిగా అంటారు కొందరు. అది మజిలీ మాత్రమే. ఏళ్ల తరబడి దాచడానికి పనికిరాదు. నత్రజని ఖర్చును కరెంటు బిల్లుతో పాటు విశ్వవిద్యాలయమే భరించాలి, సెలవుల్లో ట్యాంకు చూసే మనిషి పేరు నోటీసు బోర్డు మీద ఉండాలి.

ఢిల్లీలోని జాతీయ మలేరియా పరిశోధన సంస్థ 1992లోనే పరాన్నజీవుల బ్యాంకు పెట్టింది. మన వయళ్లకు రెండో చోటు ఎక్కడని వెతుకుతున్నవాళ్లు ముందుగా అక్కడికి ఉత్తరం రాయవచ్చు. ఈలోగా వచ్చే అకడమిక్ కౌన్సిల్ అజెండాలో రసీదు నిబంధన, నత్రజని పద్దు రెండింటినీ చేర్చమని మీ విభాగాధిపతిని అడగండి.

— పరాన్నజీవుల ల్యాబుల టెక్నీషియన్లు, స్కాలర్లు