ముత్యాల జల్లెడ, అక్షరాల జల్లెడ

1932లో చమురు బయటపడక పూర్వం బహ్రెయిన్ ద్వీపవాసులకు ముత్యాలే ముఖ్య జీవనాధారం. ఈతగాళ్ళు కడలి అడుగు నుండి తెచ్చిన ఆల్చిప్పలను విప్పిన పిమ్మట, ‘తవ్వాష్’ అనే ముత్యాల వర్తకులు వేర్వేరు పరిమాణాల రంధ్రాలు గల ఇత్తడి జల్లెడలలో ముత్యాలను జల్లించి, తరగతులుగా విడదీసి, ఎర్రని గుడ్డలో మూటగట్టేవారు. బస్రా ముత్యాలనే పేరుతో హైదరాబాదు నగల అంగళ్ళకు చేరినవి ఈ గల్ఫు జలాలలో పుట్టినవే. కంప్యూటరులో అక్షరాలను మూటగట్టదలచిన వారికీ నేడు అటువంటి జల్లెడ అవసరమవుతున్నది.

ప్రవాస తెలుగు సంఘాల అలమరలలో వార్షిక సంచికలు, సమావేశాల నివేదికలు, నాటక ప్రదర్శనల కరపత్రాలు పేరుకొని ఉంటాయి. వాటిని కంప్యూటరుకు అప్పగిస్తే, తెలుగు విని అర్థం చేసుకోగలిగీ చదవలేని పిల్లలు ఇంగ్లీషులో ప్రశ్న అడిగి జవాబు పొందవచ్చుననే ఆశ సహజమైనది. అది నిరాధారమైన ఆశ కూడా కాదు. వెక్టర్ డేటాబేస్ అనే నిధిలో ప్రతి రచననూ చిన్న ఖండాలుగా విభజించి, ఒక్కొక్క ఖండం అర్థాన్ని సంఖ్యల వరుసగా మార్చి దాచుతారు. 2020లో గూగుల్ పరిశోధకులు వెలువరించిన ‘లాబ్సే’ నమూనా తెలుగుతో సహా 109 భాషల వాక్యాలను 768 సంఖ్యల వరుసలుగా మారుస్తుంది. అర్థం దగ్గరైతే, భాష ఏదైనా, వరుసలూ దగ్గరగా ఉంటాయి. ప్రశ్నకు అతి సమీపంలో ఉన్న ఖండాలను వెదకి తీయడమే ఆ నిధి చేసే పని.

సమీపమైనది సత్యమేనా అన్న విచారణ మాత్రం దానికి లేదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కినా, ముద్రణాలయాలు చాలాకాలం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలపై తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చిన ఫాంట్లనే వాడాయి. ఆ ఫాంటు లేనిచోట నాటి వ్యాసం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. అటువంటి కుప్పను అందించినా నమూనా కాదనదు. దానికీ 768 సంఖ్యలు కేటాయించి నిధిలో కూర్చోబెడుతుంది. దోషం ఉన్నదని చెప్పే గంట ఎక్కడా మోగదు. పాత కాగితాలను స్కాన్ చేసి అక్షరాలను గుర్తింపజేసినా బాధ తప్పదు. ‘ధ’కు ‘థ’కు నడుమ తేడా ఒక చుక్క మాత్రమే. రెండు కాలమ్‌ల పుటను యంత్రం అడ్డంగా చదివిందంటే, వంటల వ్యాసం సగం వాక్యానికి సంతాప సందేశం సగం వాక్యం అతుకుతుంది!

ఖండించే పద్ధతిలో మరొక ప్రమాదం తెలుగుకు ప్రత్యేకం. మన వాక్యంలో అసలు మాట చివర వస్తుంది. “ఈ ఏడు ఉగాది ఉత్సవం జరపరాదని కార్యవర్గం నిర్ణయించిందన్న మాట నిజం కాదు” అనే వాక్యాన్ని ‘మాట’ దగ్గర తెంచితే, పుకారు ఒక ఖండంలోను దాని ఖండన మరొక ఖండంలోను పడతాయి. ఇన్ని అక్షరాలకొక ముక్క అని లెక్కపెట్టి కోసేవారు ఈ సంగతి గమనించాలి. పేరా అంతమయ్యే చోట కోయడం, అది సాధ్యం కాకపోతే ముక్కల అంచులు ఒకదానిపై ఒకటి కొంత వచ్చేటట్లు చూడడం మేలు.

ప్రతి ఖండానికీ సంచిక సంవత్సరం, పుట సంఖ్య, రచయిత పేరు జతపరచడం అన్నిటికంటె ముఖ్యం. బహ్రెయిన్‌లో వారాంతపు సెలవు 2006లో గురు, శుక్రవారాల నుండి శుక్ర, శనివారాలకు మారింది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అంతకు పూర్వపు సంచికలలోని మాటలు ఆనాటికి సత్యాలే. సంవత్సరం తెలియని నిధి వాటిని నేటి సత్యాలుగా పిల్లల చేతిలో పెడుతుంది. నాయనమ్మ చెప్పిన మాటను బడిలో ఎదురడిగే పిల్లలు కూడా యంత్రం చెప్పినదాన్ని ఇట్టే నమ్ముతారు.

పాత సంచికలలో సభ్యుల చిరునామాలు, టెలిఫోన్ నంబర్లు, పిల్లల పుట్టినరోజులు కూడా అచ్చయ్యేవి. బహ్రెయిన్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2018 నాటి 30వ చట్టం, 2019 ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చింది. చట్టం మాట అటుంచినా, పదిమంది అలమరలలో నిద్రించే చిరునామాకు, ప్రశ్న అడిగినంతలో పలికే చిరునామాకు చాలా తేడా ఉన్నది. వాటిని ముందే తొలగించాలి. ఎవరైనా తమ రచనను ఉపసంహరించుకొంటే దాని ఖండాలన్నీ వెదకి తీయగలిగేటట్లు ప్రతి రచనకు ఒక గుర్తు సంఖ్య ఇవ్వాలి.

ఏ డేటాబేస్ గొప్పది అన్న చర్చకు వెచ్చించే కాలంలో సగమైనా ఈ శుద్ధికి వెచ్చించడం న్యాయం. కొన్ని వేల ఖండాల మాత్రపు సంఘ నిధికి ఏ డేటాబేస్ అయినా చాలును. నిధిని పిల్లలకు అప్పగించే ముందు, పెద్దలకు జవాబు తెలిసిన యాభై ప్రశ్నలు సిద్ధపరచి, తెలుగు లిపిలోను, ఇంగ్లీషులోను, ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగులోను అడిగి చూడాలి. పిల్లల వేళ్ళకు అలవాటైనది ఆ మూడవ పద్ధతి. నమూనాలు తడబడేదీ అక్కడే. అటువంటి ప్రశ్నను మొదట తెలుగు లిపిలోనికి మార్చి, తరువాతనే వెదకించడం ప్రస్తుతానికి క్షేమం.