పాత ల్యాప్‌టాప్ కొనవచ్చునా?

ఎరువులకో అప్పు పత్రములకో మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు కొందఱు ఈ నడుమ మఱియొక సంగతి గూడ అడుగుచున్నారు. పిల్ల కాలేజీలో చేరినది, ల్యాప్‌టాప్ కావలె ననుచున్నది; క్రొత్తది కొన శక్తి లేదు; పట్నమున బాగుచేసి అమ్ము పాతవి సగము వెలకు అటునిటుగా దొరకునట; కొనవచ్చునా? అని. ఆ పైకము మిరప అమ్మిన సొమ్మునుండియో, పత్తి సొమ్మునుండియో తీయవలసినదే గదా. మఱుసటి యేట తామర పురుగు తగిలెనా, ఆ పైకమే పెట్టుబడికి దిక్కు. కావున నాకు తోచినదానిని కారణములతో విన్నవించుచున్నాను.

మొదట, కొననక్కఱలేనివారు ఎవరో చెప్పెదను. 2020లో ధరణి వచ్చినది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. పత్తి అమ్ముకొనుటకు 2025 పంటనుండి కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా తేదీ నిర్ణయించుకొనవలసి వచ్చినది. ఇవి యన్నియు చేతిలోని ఫోనుతో జరుగు పనులే. కేవలము వీనికొఱకు ల్యాప్‌టాప్ కొనువాడు, కొడవలితో తీరు పనికి కోత మిషను కొన్నవా డగును.

చదువు సంగతి వేఱు. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలోనో, పాల్వంచ కొత్తగూడెములలోనో చదువు పిల్లలు పుటలకొలది వ్రాయవలెను, లెక్కల పట్టికలు కట్టవలెను. ఫోనులో అది కండ్లకు చేటు, కాలమునకు నష్టము. అట్టి యింటికి ల్యాప్‌టాప్ అవసరమే యని నా యభిప్రాయము. పాతదైనను మంచిదే యని గూడ నా యభిప్రాయము. అయితే ఏ పాతది?

ఈ పాత యంత్రములలో పెక్కులు హైదరాబాదు వంటి నగరముల కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి వదలినవి. వర్తకులు వానిని కొని, తుడిచి, చెడినది మార్చి అమ్ముదురు. కార్యాలయముల కొఱకు చేసినవి గనుక వాని కట్టుబడి గట్టిది. క్రొత్తవానిలో మిక్కిలి చౌక రకములు కొన్ని కలవు; బలము లేని ప్రాసెసరు, 4 జీబీ మెమొరీ, పైకి మెఱుపు. అట్టి క్రొత్తదానికంటె ఇట్టి పాతదే మేలు. నిగనిగలాడు బక్కదూడకంటె కాడికి అలవాటు పడిన యెద్దు నయమని మనకు ఒకరు చెప్పవలెనా?

ఎద్దును కొనునప్పుడు మనము పండ్లు చూతుము. ల్యాప్‌టాపునకు పండ్లవంటిది ప్రాసెసరు తరము. విండోస్ 10కు కంపెనీ వారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. అనగా ఆ దినమున యంత్రము లాగిపోయెనని కాదు; దొంగలు క్రొత్తగా కనుగొను కన్నములను పూడ్చువారు లేకపోయి రని యర్థము. దాని తరువాతిదైన విండోస్ 11, ఇంటెల్ కోర్ ప్రాసెసరులలో ఎనిమిదవ తరమునుండి మాత్రమే కంపెనీ వారి యనుమతితో నడచును. ఆ తరము 2017లో బజారునకు వచ్చినది. కావున నేడు పాతది కొనువానికి గట్టు ఇక్కడ నున్నది.

తరమును కనుగొనుట కష్టము కాదు. ఐ5-8250 అని యున్నచో ఎనిమిదవ తరము; ఐ5-6300 అని యున్నచో ఆఱవది. గీత తరువాతి మొదటి యంకెయే తరము. 10, 11 అని మొదలైనచో పదవది, పదునొకండవది. వర్తకుడు "ఐ7 అండీ, ఐ5 కంటె పెద్దది" యని చెప్పును. నాలుగవ తరపు ఐ7 కంటె ఎనిమిదవ తరపు ఐ5 మన పనికి మేలు. పాత తరపు యంత్రములో విండోస్ 11ను దొడ్డిదారిన ఎక్కించి చూపువారును కలరు. ఎక్కినంత మాత్రమున నిలుచునని నమ్మరాదు.

మఱి అంతకంటె పాతది ఎవరైన ఊరక ఇచ్చినచో? పాఱవేయ నక్కఱలేదు. లినక్స్ అను ఉచిత వ్యవస్థను ఎక్కించి, తిరుగు డిస్కునకు బదులు ఎస్‌ఎస్‌డీ వేసినచో చదువుకు వ్రాతకు చాలును. వ్రేలిముద్ర యంత్రములు, డిజిటల్ సంతకపు పరికరములు కొన్ని దానితో పొసగవు. ఆ పని గలవారు దాని జోలికి పోరాదు.

తరువాత నడక చూడవలెను. గోదావరి యొడ్డున గాలివాన వచ్చినచో కరెంటు ఎప్పుడు వచ్చునో చెప్పలేము. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ మనకు బల్లతో సమానము. యంత్రమునుండియే బ్యాటరీ నివేదిక తీయవచ్చును. తయారైనప్పటి శక్తి 50 వాట్-గంటలై, నేడు పట్టునది 25 అయినచో సగము ప్రాణము పోయినట్లే. క్రొత్త బ్యాటరీ వెలను బేరములో తగ్గింపు మనవలెను. అడుగు ఉబ్బినను, వ్రేలితో త్రిప్పు పలక పైకి లేచినను అది నిప్పునకు దారి, ముట్టవద్దు. కొన్నింటికి పాత కంపెనీ తాళము మిగిలి యుండును. కొన్న నెలకు అది బిగిసినచో ఇంటివారు చేయగలది లేదు. ఎదుటనే అంతయు చెఱిపించి, మొదటినుండి తెరపించి చూడవలెను. విండోస్ దొంగ ప్రతియా, అసలుదా యని గూడ అడుగవలెను. బిల్లు లేనిది దొంగసొత్తు కావచ్చును.

వెలను ఏండ్లతో భాగించి చూచుట నా వాడుక. 20,000 పెట్టినది నాలుగేండ్లు వచ్చినచో ఏటికి 5,000 పడును. 9,000కే దొరకెనని మురిసి కొన్నది ఒక్క యేటికి మూలపడినచో ఏటికి 9,000. దీనికి దారి ఖర్చు చేర్చుడు. చర్ల, దుమ్ముగూడెము వారికి ఒక చిన్న మరమ్మతునకు భద్రాచలము, అక్కడ కానిచో నూఱు కిలోమీటర్లకు పైబడి ఖమ్మము పోక తప్పదు. ఒక దినపు కూలియు పోవును. వర్తకుడు వ్రాసియిచ్చు ఆఱు నెలల హామీ మనయొద్ద సగమునకు దిగుట ఇందువలననే.

ఒక్కొక్కడు ఒంటరిగా పోయి బేరమాడినచో ఈ పరీక్షలు చేయనిచ్చు వర్తకులు అరుదు. పదిమంది సభ్యులు కలిసి సంఘము ద్వారా ఒకేమాఱు కొన్నచో, తెలిసిన యువకు నొకని పంపి ఒక్కొక్క దానిని చూపించవచ్చును, హామీని సంఘము పేర వ్రాయించుకొనవచ్చును. విత్తనములకు ఎరువులకు చేయుచున్న పనియే గదా ఇది. పంట రుణమును మాత్రము దీనికి మళ్లింపరాదు. పంటకు తీసినది పంటకే పోవలెను. సంఘపు లెక్కల పనికిని ఈ పాతవి వాడరాదని నా మతము. కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరు చేయుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది; పదిమంది ఖాతాలుండు చోట కన్నములు పూడ్చబడని యంత్రము తగదు.

ఈ ఉమ్మడి కొనుగోలు సంగతిని రాబోవు మహాజనసభలో ప్రస్తావింప దలచినాను. కావలసినవారు తమ పేరును, పిల్లల చదువును, పెట్టగల మొత్తమును ముందుగా కార్యాలయమున వ్రాయించినచో ఎన్ని కావలయునో తేలును.