అవ్వకు మందు, మనుమనికి పని

మా హోసూరు ప్రాంతమున మందుల అంగడివాడు తమిళమున చెప్పును. అట్టపై అక్షరములు ఇంగ్లీషున నుండును. మాత్ర మ్రింగవలసిన అవ్వకు తెలుగు తప్ప రాదు. ఇందువలన మిక్కిలి చెడునది యాంటిబయాటిక్ మందు. దాని వివరములను తెలుగున వ్రాసియిచ్చుట బడిపిల్లల పనియే యని మా అభిప్రాయము.

"దినమునకు మూడు" అని వ్రాసిన చాలదు. మూడింటిని ప్రొద్దుగ్రుంకులోపలనే మ్రింగువారు కలరు. మందు రక్తమున ఎడతెగక తగినంత యుండిననే సూక్ష్మజీవి నశించును. వైద్యుడు 8 గంటలకొక అమాక్సిసిలిన్ అన్నచో ఉదయము 6, మధ్యాహ్నము 2, రాత్రి 10 అని వేళలే వ్రాయుడు. ఒకటి మరచినచో తరువాత రెండు కలిపి మ్రింగరాదు. టెట్రాసైక్లిన్ జాతి మాత్రలను పాలతో ఈయవలదు. పాలలోని కాల్షియము మందును ఒంటబట్టనీయదు. పెనిసిలిన్ పడక మునుపెన్నడైన దద్దురులు లేచియున్నచో వైద్యునికి ముందే చెప్పవలెను.

జ్వరము దిగగనే మిగిలిన మాత్రలు దాచి, పొరుగింటి జలుబునకు దానమిచ్చు ఔదార్యమును మేము మెచ్చము. జలుబు వైరసు వలన వచ్చునది. దానికీ మందు పనిచేయదు. చాలని మోతాదువలన సూక్ష్మజీవులు మందును తట్టుకొన నేర్చునని, పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగు 1945లోనే నోబెల్ ఉపన్యాసమున హెచ్చరించెను. ఎన్నిదినములు వాడవలెనో వైద్యుడు చెప్పును. తగ్గించుటయు పొడిగించుటయు మన పని కాదు.

అట్టపై నిలువుగా ఎర్రగీత యున్నచో వైద్యుని చీటి లేక వాడరాదని యర్థము. దీనినిగూర్చి ప్రభుత్వము 2016లో ప్రచారము నారంభించెను. గీతకు భాష లేదు, అవ్వకును చూపవచ్చును.