మోకాలికి గ్రీజు పెడతారట!

మూడు నెలల క్రితం అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందట. ఇంజెక్షన్ చేస్తే మళ్ళీ వస్తుందట. రెండు కాళ్ళకీ కలిపి 30 వేలట" అంది. మారు మాట్లాడకుండా పంపించేశాను. ఆఫీసులో చిన్న టూల్ కొనాలంటే పది ప్రశ్నలు వేస్తాను. అమ్మ మోకాట్లోకి ఏం ఎక్కిస్తున్నారో మాత్రం అడగలేదు. ఆ సిగ్గుతో కూర్చుని చదివాను. చదివాక కోపం వచ్చింది.

ఆ మందు పేరు హయలురోనిక్ యాసిడ్. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు దీన్ని ఆవు కంట్లోంచి వేరుచేశారు. మన కీళ్ళ మధ్య ఉండే జిగట ద్రవంలో సహజంగానే ఉంటుంది, కీళ్ళరుగుడు వచ్చినవాళ్ళలో పల్చబడుతుంది. పల్చబడింది కాబట్టి బయటి నుంచి పోద్దాం అనేది లాజిక్కు. వినడానికి ఎంత బావుందో! కొన్ని బ్రాండ్ల సరుకు కోడిపుంజు తురాయి నుంచి తీస్తారు. జీవితంలో గుడ్డు కూడా ముట్టని మామ్మగార్లకి ఈ ముక్క ఎవరైనా చెప్తున్నారా అని నా అనుమానం.

అసలు తిరకాసు "గుజ్జు" అనే మాటలోనే ఉంది. అరిగిపోయేది ఎముకల చివర ఉండే మెత్తటి పొర. సూదితో ఎక్కించేది ద్రవం. అది కొన్ని రోజుల్లోనో, వారాల్లోనో కీలులోంచి వెళ్ళిపోతుంది. అరిగిన పొర దానివల్ల మళ్ళీ మొలుస్తుందని రుజువు లేదు. రెండిటినీ గుజ్జు అనే ఒక్క మాటలో కలిపేస్తే అమ్మలాంటివాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది?

మరి నొప్పైనా తగ్గుతుందా? 2022లో బీఎంజేలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. మొత్తం 169 ట్రయల్స్ చూశారు. వాటిలో ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోల్చిన పెద్ద ట్రయల్స్ 24, అందులో దాదాపు 9 వేల మంది. 100 మార్కుల నొప్పి కొలమానం మీద అసలు మందుకీ, ఉత్తుత్తి దానికీ తేడా ఎంతో తెలుసా? 2. అక్షరాలా రెండు. పైగా తీవ్రమైన దుష్ఫలితాలు మందు తీసుకున్నవాళ్ళలోనే ఎక్కువ కనిపించాయి. బ్రిటన్‌లో నైస్ సంస్థ ఇవ్వొద్దనే చెప్తోంది. అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం 2021లో, అందరికీ మామూలుగా వాడేయడాన్ని సిఫారసు చెయ్యమంది. ఒప్పుకునేవాళ్ళు అసలు లేరని కాదు. 2019లో ఓఏఆర్‌ఎస్‌ఐ అనే అంతర్జాతీయ సంఘం షరతులతో సరేనంది. ఆ షరతుల సంగతి మన క్లినిక్కుల్లో ఎవరు చెప్తున్నారు?

"మా అత్తయ్యకి బ్రహ్మాండంగా పనిచేసిందండీ" అంటారు. తెలుసు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకీ బాగానే తగ్గింది, చూడాల్సింది అదే. ఈ నొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మరీ భరించలేనప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్తాం, తర్వాత ఎటూ కొంత తగ్గుతుంది. లోడు ఎక్కువై పడుకున్న సర్వర్ దానంతటదే లేస్తే, ఆ నిమిషంలో మనం నొక్కిన బటన్‌కి పేరొస్తుంది చూశారా, అలాగన్నమాట. కంట్రోల్ గ్రూప్ లేని ఏ-బీ టెస్ట్ చూపిస్తే మీటింగులో నవ్వేస్తాం కదా, ఇంట్లో ఎందుకు నమ్ముతాం?

నా కోపం డాక్టరు మీద మాత్రమే కాదు. ఈ జబ్బుకి అన్ని గైడ్‌లైన్సూ మొదట చెప్పేవి రెండే: వ్యాయామం, బరువు ఉంటే తగ్గడం. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లోనే లెక్కగట్టారు. అమ్మ చీటీలో ఈ రెండూ లేవు. ఉన్నా పక్కన కూర్చుని చేయించేవాడెవడు? నేను ఇక్కడున్నాను. డబ్బు పంపడం సులువు, రోజూ అరగంట ఇవ్వడం కష్టం. మనలాంటి కొడుకులూ కూతుళ్ళూ ఉన్నంతకాలం ఈ వ్యాపారానికి ఢోకా లేదు.

అమ్మకి ఇంజెక్షన్లు అయిపోయాయి. "కాస్త నయమేరా" అంటోంది. సంతోషమే, నేను వాదించలేదు. రోజూ సాయంత్రం ఏడింటికి వీడియో కాల్‌లో కుర్చీలో కూర్చోబెట్టి కాలు చాపించి పది లెక్కపెడుతున్నాను. ఆరు నెలల తర్వాత రెండో డోసుకి రమ్మన్నారట. ఈసారి డబ్బు పంపే ముందు డాక్టరుగారితో నేనే మాట్లాడతాను. మీ ఇంట్లోనూ ఎవరికైనా ఇదే సలహా ఇస్తే, దయచేసి డబ్బు పంపే ముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: "ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోలిస్తే ఎంత ఎక్కువ తగ్గుతుందండీ?"